గడప కాని ఇల్లు

కూర్మన్నపాలెం జంక్షన్‌లో బస్సు దిగి మా కాలనీకి తిరిగే మలుపులో, సైకిల్ షాపు పక్కన, ఈమధ్య ఒకతను టీ బడ్డీ పెట్టాడు. మొన్న సాయంత్రం పని నుంచి వస్తూ ఆ బడ్డీ దాటబోతుంటే నా కాళ్లు వాటంతట అవే ఆగిపోయాయి. అతను మట్టి పొయ్యిని అప్పుడే మొదటిసారి రాజేశాడు. కొత్త పొయ్యి మొదటిసారి కాలేటప్పుడు ఒక వాసన వస్తుంది. ముందు తడిమట్టి వాసన, దాని వెనకే మట్టిలో కలిపిన ఊక లోపల్లోపల మాడుతున్న వాసన, ఆ తర్వాత పేడ అలుకు వెచ్చబడిన వాసన. చివరికి మూడూ కలిసిపోయి, ఎవరింట్లోనో ఇంకాసేపట్లో అన్నం ఉడకబోతోందన్న కబురులా గాలిలో నిలబడుతుంది. లారీల డీజిలు పొగలోంచి, ఫ్యాక్టరీ షిఫ్టు బస్సుల దుమ్ములోంచి ఆ వాసన నా దాకా వచ్చేసరికి, టీ అక్కర్లేకపోయినా ఒక టీ చెప్పి, బల్ల మీద కూర్చుండిపోయాను.

నేను పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లమా చేసి ఒక కాంట్రాక్టరు దగ్గర డ్రాయింగులు గీస్తున్నాను. ఏది చెప్పాలన్నా ముందు హద్దులు, తర్వాత గదులు, ఆ తర్వాత తలుపులు చెప్పడం నాకు అలవాటు. మా ఊరి సంగతి కూడా ఆ వరసలోనే చెబుతాను. మరో విధంగా చెప్పబోతే మాట తడబడుతుంది.

మా ఊరు జీడిపాలెం. ఇప్పుడు ఏ బస్సు బోర్డు మీదా ఆ పేరు లేదు. తూర్పున ఇసుకదిబ్బలు, వాటి మీద సరుగుడు తోటలు, వాటి వెనక సముద్రం. సముద్రం మాకు కనిపించేది కాదు, గాలి తిరిగిన రాత్రుల్లో వినిపించేది. పడమట మెట్ట మీద జీడితోటలు. ఉత్తరాన గెడ్డ, వానాకాలంలో ఎర్రగా పొంగి, మాఘమాసానికల్లా మోకాలి లోతుకు దిగి, ఎండల్లో ఉత్త బంకమన్నుగా మిగిలిపోయే వాగు అది. దక్షిణాన బండిబాట, దాని వెంట నడిస్తే రోడ్డు, రోడ్డు మీద రోజుకు రెండుసార్లు బస్సు. ఈ నాలుగింటి మధ్య ఊరు. పెద్దవీధిలో మేమూ మా దాయాదులూ, వెనక గొల్లవీధి, తాటిచెట్లెక్కేవాళ్ల యాతపేట, చాకలి ఇళ్లు, ఒకే ఒక్క మంగలి ఇల్లు, ఒకే ఒక్క కంసాలి ఇల్లు, గెడ్డ అవతల బారికోళ్ల పేట. అందరినీ కలిపితే మూడువందల మందిమి ఉండేవాళ్లమేమో. ఎవరైనా పొలిమేర దాటి పట్నం వెళ్తే ఆ పూట ఊరు ఆ మేరకు తగ్గిందని పిల్లలకు కూడా తెలిసేది.

ఇంత చిన్న ఊరికి ముగ్గురు అధికారులు. ఒకరు కరణం గారు. ఆయన వేరే ఊళ్లో ఉండేవారు, చుట్టుపక్కల పొలాల లెక్కలన్నీ ఆయనవే, గొడుగేసుకుని వారానికొకసారి వచ్చి మజ్జిగ తాగి వెళ్లేవారు. ఇంకొకడు బారికి గురువులు. బారికి అంటే ఊరి సేవకుడు. దండోరా వెయ్యడం, తప్పిపోయిన గొడ్డును బందెలదొడ్డికి తోలడం, పుట్టినవాళ్ల కబురూ పోయినవాళ్ల కబురూ మునసబుకు చేరవెయ్యడం అతని పనులు. మూడోవాడు, అసలైనవాడు, మునసబు. ఆయన పేరు సన్యాసినాయుడు. మా తాత తమ్ముడు. నాకు చిన్నతాత.

ఆయన కచేరీ అంటే ఇంటి ముందరి అరుగే. పొద్దున్నే చోడి అంబలి తాగి, చుట్ట ముట్టించి, పొడుగాటి కర్రను గోడకు జేరేసి కూర్చుంటే అదే కోర్టు, అదే తాలూకా ఆఫీసు. ఎవరి మేక ఎవరి పాదు మేసిందో, ఎవరి కోడలు ఎందుకలిగి పుట్టింటికి పోయిందో, ఎవరి గట్టు ఎవరి పొలంలోకి జానెడు జరిగిందో అన్నీ అక్కడే తేలేవి. నాకు తెలిసినంతలో ఆయన తీర్పు తప్పని ఊళ్లో ఎవరూ అనలేదు. బడికి పోతూ మేము అరుగు ముందు ఆగితే చేతిలో బెల్లం ముక్క పెట్టి, "ఇయ్యాల మీ ఈదిలో ఎవులు కొత్తగా వొచ్చీసినారా?" అని అడిగేవాడు. కొత్తగా అంటే పుట్టినవాళ్లని అర్థం. చెప్పినవాడికి రెండో ముక్క. నేను ఆయన్ని ఎంత ఇష్టపడేవాణ్నంటే, పెద్దయ్యాక ఏమవుతావని మాస్టారు అడిగితే మునసబునవుతానని చెప్పాను.

ఇప్పుడు తలుపుల సంగతి. మా ఊరి జనాభాను మనుషుల్లో లెక్కించేవారు కాదు, ఇళ్లలోనూ కాదు. గడపల్లో లెక్కించేవారు. గడప అంటే కొత్త అమావాస్యకు జరిగే నూకాలమ్మ పండగకి కుంచెడు బియ్యం, ఒక కొబ్బరికాయ ఇచ్చే ఇల్లు. గెడ్డ గట్టు తెగితే పార పట్టుకుని ఒక మనిషిని పంపే ఇల్లు. అన్నదమ్ములు వేరుపడితే, వేరుపడినవాడి ఇంట్లో కొత్త పొయ్యి రాజేసిన రోజున చిన్నతాత కర్ర పట్టుకుని వచ్చి, వాకిట్లో నిలబడి, పొగ చూసి, "సరే, గడప పడింది" అనేవాడు. ఆ మాటతో ఊరు ఒక గడప పెరిగేది. గెడ్డ అవతలి వాళ్లను మాత్రం గట్టు పనికే గడపల కింద లెక్కవేసేవారు, ప్రసాదం పంచేటప్పుడు కాదు. చిన్నప్పుడు నాకది వింతగా తోచలేదు. ఇప్పుడు తోస్తోంది.

ఇంకొక మినహాయింపు ఉండేది. మగదిక్కు లేని ఇల్లు గడప కాదు. ఒంటరి ఆడమనిషి దగ్గర పండగ బియ్యం పుచ్చుకోకూడదు, గట్టు పనికి పిలవకూడదు, అయినా ప్రసాదంలో ఆమె వాటా ఆమెకు పంపాలి. దీన్ని మా ఊరివాళ్లు తమ మంచితనంగా చెప్పుకునేవారు. నిజంగానే అది మంచితనమే, చాలా ఏళ్లపాటు.

ఆ మంచితనం ఇష్టంలేని మనిషి ఊరు మొత్తం మీద మా పైడత్త ఒక్కతే. పైడత్త మా నాన్నకు అక్క. నాన్న ఆమెను 'అప్పా' అని పిలిచేవాడు, మా వైపు అక్కను అలాగే పిలుస్తారు. పెళ్లయిన కొద్దికాలానికే జ్వరంలో మొగుణ్ని పోగొట్టుకుని ఊరికి తిరిగొచ్చి, మా ఇంటిని ఆనుకుని ఒక్క గది తాటాకు ఇల్లు వేసుకుంది. గోడలు తనే పెట్టుకుంది. మా అమ్మ ఎన్నిసార్లు పిలిచినా మా పొయ్యి మీద వండినది తినేది కాదు, పండగ పిండివంటలు తప్ప. మధ్యాహ్నం పనయ్యాక చుట్టను అడ్డపొగ పెట్టుకుని, నిప్పున్న కొస నోట్లో ఉండగానే మమ్మల్ని తిడుతూ, నవ్వుతూ, జీడిపిక్కలు కాల్చేది. ఎండాకాలమంతా ఆమె వాకిట్లో మాడిన జీడి నూనె వాసన. ఆ పొగకు కళ్లు మండుతున్నా మేము కదిలేవాళ్లం కాదు. పచ్చి పిక్కలతో గోళీల్లా గురి చూసి ఆడుకునే ఆటలో గెలిచిన పిక్కలన్నీ తెచ్చి ఆమెకిచ్చేవాళ్లం. ఆమె కాల్చి, పగలగొట్టి, పప్పు సమానంగా పంచేది. ఓడినవాడికి కూడా.

ఊరికంతటికీ మట్టి పొయ్యిలు వేసేది పైడత్తే. కుండలు సంతలో కొనుక్కునేవాళ్లు గానీ పొయ్యి మాత్రం ఆమె చేతిదే కావాలి. ఎండలు ముదిరి గెడ్డ ఎండాక అడుగున బంకమన్ను తవ్వించేది. దానికి మెట్ట మీది ఎర్రమట్టి, ఊక, పేడ కలిపి నీళ్లు పోసి రాత్రంతా నాననిచ్చి, పొద్దున్నే పిల్లలందర్నీ పిలిచి తొక్కమనేది. చల్లటి మట్టి కాలివేళ్ల మధ్య నుంచి పైకి పొర్లుతుంటే మేము కేకలు వేసుకుంటూ, ఒకరి మీద ఒకరు పడుతూ తొక్కేవాళ్లం. తర్వాత ఆమె ఒక్కతే కూర్చుని, నీళ్లలో చెయ్యి ముంచుకుంటూ, ముందు నోరు తెరిచి, గోడ లేపి, పైన కుండ కూర్చోడానికి మూడు బొడిపెలు నిలబెట్టేది. పనంతా అయ్యాక వెనక బొడిపె మీద కుడిచేతి బొటనవేలు ఒక్కసారి గట్టిగా నొక్కేది. ఆ గుంట అలాగే ఎండి, కాలి, రాయిలాగైపోయేది.

"ఎందుకత్తా అక్కడ నొక్కుతావు?" అని ఒకసారి అడిగాను.

"ఎనక బొడిపి ఎవులూ సూడర్రా గుంటడా. ఎవులూ సూడని కాడ నానుంటాను," అంది.

పొయ్యికి ఇంత అని బేరం లేదు. ఒకరు ఆనపకాయ తెచ్చేవారు, ఒకరు ఉప్పుచేపలు, యాతపేట వాళ్లు తాటితేగల కట్ట. ఎవరైనా వేరుపడాలనుకుంటే మునసబు కంటే ముందు పైడత్త దగ్గరికే రావాలి. అందుకని ఏ ఇంట్లో గోడ లేవబోతోందో ఆమెకు ముందే తెలిసేది, ఆమె ఎవరికీ చెప్పేది కాదు. ఊళ్లో ప్రతి గడపా ఆమె చేతుల్లోంచే పుట్టింది. ఆమెకు మాత్రం గడప లేదు.

పండగ దగ్గరపడితే గురువులు కావిడి భుజాన వేసుకుని బియ్యం పోగు చెయ్యడానికి ఇల్లిల్లూ తిరిగేవాడు. పైడత్త వాకిలి దగ్గరికొచ్చేసరికి తలొంచుకుని దాటిపోయేవాడు. అప్పుడామె కుంచం నిండా బియ్యం కొలిచి, పైన తువ్వాలు కప్పి, నెత్తిన పెట్టుకుని తిన్నగా చిన్నతాత అరుగు దగ్గరికి నడిచేది. మేము వెనకే. ఏటా ఇదే.

"ఇదేటే పైడీ, ఎవులికి?"

"అమ్మోరికి సిన్నాన్నా. నా గడప బియ్యం."

అరుగు మీది మగవాళ్లు అప్పటికే నవ్వడం మొదలెట్టేవారు.

"నీకు గడపేటే? రేపు గెడ్డ గట్టు తెగితే పార ఒట్టుకుని నువ్వొత్తావేటి?"

"వొత్తాను. నీ కొడుకుల కన్నా నానే బాగా తవ్వగల్ను. ఆలికి పార ఏ కొసన ఒట్టుకోవాలో నానే సూపించాల."

మగవాళ్ల నవ్వు రెట్టింపయ్యేది. చిన్నతాత కూడా నవ్వుతూ, ఆ కుంచం మీది తువ్వాలు సర్ది, "అట్టుకెల్లి వొండుకు తినీ. నాను బతికుండగా నీకేటి లోటే," అనేవాడు. ఆమె ఆయన భుజాల మీద పెరిగిన పిల్ల. చిన్నప్పుడు నడవలేనంటే ఆయన ఎత్తుకుని సంత దాకా తీసుకెళ్లేవాడట, ఆ సంగతి ఆమే చెప్పేది. కుంచం మళ్లీ నెత్తికెత్తుకుని, మాకు మొహం కనిపించకుండా ముందు నడుస్తూ ఇంటికొచ్చేది. ఆ రోజు అన్నం మాత్రం వండేది కాదు.

నేను నాలుగో తరగతిలో ఉండగా మెట్ట మీదికి మూడుకాళ్ల యంత్రాలతో మనుషులొచ్చారు. ఎరుపూ తెలుపూ చారల కర్రలు పట్టుకుని జీడితోటల్లో నిలబడేవారు. ఆ యంత్రాల పేర్లు, వాటితో ఏం కొలుస్తారో నాకిప్పుడు తెలుసు, రోజూ ఆ కొలతల మీదే నా బతుకు. అప్పుడు మాత్రం వాళ్ల వెంట తిరిగి, వాళ్లు పాతిన చిన్న రాళ్ల మీద ఎక్కి దూకేవాళ్లం. ఆ రాళ్లు వరసగా మా ఊరిని ఒక పక్కన పెట్టకుండా మధ్యలోంచే పోతున్నాయని ముందు చూసింది గొర్రెలు తోలుకెళ్లే గొల్లవీధి వాళ్లు. తర్వాత మాటలు పుట్టాయి. ఫ్యాక్టరీ వస్తుందట. పొలాలే తీసుకుంటారట, కాదు, ఇళ్లు కూడానట. చిన్నతాత ఉతికిన పంచె కట్టుకుని మాటిమాటికీ పట్నం వెళ్లొచ్చేవాడు. ఆ రోజుల్లో ఆయన చేతిలో బెల్లం ముక్కలు కనబడటం మానేశాయి.

ఒక సాయంత్రం గురువులు డప్పు కొట్టుకుంటూ వచ్చాడు. "ఊరోళ్లందరికీ తెలియజేసేదేటంటే... లెక్కల బాబు వొత్తన్నాడు... గడపకొక ఇంటి తలం... గడపకొక మనిసికి పని... గడప మనిసి ఇంటికాడే ఉండాలొహో!" అని ప్రతి వీధి మొగలోనూ చెప్పాడు. మేము డప్పు వెనక చిందులేశాం. పెద్దవాళ్లు మాత్రం ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు.

దండోరా పడ్డ కొద్దిరోజులకు చిన్నతాత మా వాకిట్లోకి వచ్చాడు. ఆయన ఎవరింటికీ తనంతట తాను వచ్చేవాడు కాదు, అందరూ ఆయన అరుగుకే పోవాలి. పైడత్త గబగబా చుట్ట తీసి పారేసి లేచి నిల్చుంది.

"మూడు పొయ్యిలెయ్యాలే పైడీ. మంచియి."

"మూడేటి సిన్నాన్నా! పెళ్లేటి?"

"పెళ్లే అనుకో. సుట్టాలు వొత్తారు."

"ఆడపెళ్లోరా, మగపెళ్లోరా? నాకు సెప్పవేటి?"

"అన్నీ నీకు సెప్పాలేటే? ఎయ్యమంటే ఎయ్యి," అని నవ్వి వెళ్లిపోయాడు.

ఆమె సంతోషం అంతా ఇంతా కాదు. చిన్నాన్న గుమ్మంలోకొచ్చి అడిగాడు. ఆ మట్టిని మాతో ఒకసారి కాదు, రెండు పూటలు తొక్కించింది. ఊకను జల్లెడ పట్టింది. ఆ మూడింటి అంచుల మీద వేళ్లతో అలల్లాంటి గీతలు గీసింది. అంతకుముందు ఏ పొయ్యికీ అలా గీయడం నేను చూడలేదు. ఎండాక తనే మోసుకెళ్లి చిన్నతాత ఇంట్లో ఆయన చెప్పినచోటల్లా పెట్టొచ్చింది. ఒకటి రోజూ వంట జరిగే పడమటింట్లో, ఒకటి పశువులసాల పక్క గదిలో, ఒకటి వీధి వసారాలో. ఇంటికొచ్చి అమ్మతో, "పెళ్లికి వసారాలో కూడా వొంటేటో," అని నవ్వింది.

లెక్కల బాబు వచ్చిన రోజు బడి లేదు. గోదావరి వైపు మనిషి, తెల్లచొక్కా, ప్రతి మాట చివరా 'అండి' తగిలించేవాడు. వెంట ఒకడు తారు డబ్బా, కుంచె పట్టుకుని నడుస్తూ, లెక్కయిన ప్రతి తలుపు మీదా అంకె వేసేవాడు. ఆ నల్లటి తారు అంకెలు మాకెంత అపురూపంగా ఉన్నాయో! మా తలుపు మీద ఏ అంకె పడుతుందోనని పందేలు కట్టుకున్నాం. మొట్టమొదట మునసబు ఇల్లు. పిల్లలమంతా గుంపుగా తోసుకుంటూ లోపలికి చూశాం. పైడత్త వేసిన మూడు పొయ్యిలూ ఒక్కసారే మండుతున్నాయి. మూడింటి మీదా మూడు కుండలు. ఒక్కో పొయ్యి ముందు చిన్నతాత కోడలు ఒక్కొక్కతె వంచిన తల ఎత్తకుండా కూర్చుంది. లెక్కల బాబు మూడుచోట్లా తొంగి చూశాడు. తారు కుంచెవాడు మూడు తలుపుల మీదా మూడు అంకెలేశాడు. ముగ్గురు కొడుకులూ ఒకే కంచంలో తిన్నట్టుండే ఆ ఇల్లు మేము చూస్తుండగానే మూడు గడపలైపోయింది.

నేను ఒక్క పరుగున ఇంటికొచ్చాను. ఆ కబురు ముందు నేనే చెప్పాలి. పైడత్త వాకిట్లో కూర్చుని గంటెల పిండి, అదే సజ్జపిండి, జల్లిస్తోంది.

"అత్తా, అత్తా! నీ పొయ్యిలన్నీ ఒక్కసారే ఎలిగించేసారు! మూడిటికీ అంకెలేసారు!"

జల్లెడ ఆగిపోయింది. ఆమె నా మొహంలోకి చూసింది గానీ నన్ను చూడలేదు. "సుట్టాలెవులైనా వొచ్చారేట్రా?" అని అడిగింది. లేదన్నాను. అంతే. జల్లెడ పక్కన పెట్టి లోపలికి పోయింది. తన పాత పొయ్యిని తడిగుడ్డతో అలికింది, మూడు బొడిపెలకూ ముగ్గు చుక్కలు పెట్టింది, సరుగుడాకు వేసి రాజేసింది. కుండలో నీళ్లు పోసి ఎక్కించింది. ఉత్త నీళ్లే. ఆ వేళప్పుడు ఎవరూ వండరు. జుట్టు ముడేసుకుని, కొంగు భుజం చుట్టూ తిప్పుకుని, వచ్చి తన తలుపు మధ్యలో నిల్చుంది. తాటాకు కప్పులోంచి పొగ తిన్నగా పైకి లేస్తోంది.

ముందు మా తలుపు మీద అంకె పడింది. నాన్న చేతులు కట్టుకుని నిల్చున్నాడు. పక్కనే చిన్నతాత, ఆయన వెనక పెద్దవీధి పెద్దలు. లెక్కల బాబు పొగ చూసి ఇటు తిరిగాడు.

"ఇదెవరిల్లండీ?"

"అది మా పిల్లదేనండి. ఈల ఇంట్లో మనిసే. గడప కాదు," అన్నాడు చిన్నతాత.

"నా పొయ్యి ఏరండి బాబూ. సూడండి, మండతంది," అంది పైడత్త. ఆమె గొంతు అంత మెల్లగా ఉండటం నేను అంతకుముందు వినలేదు.

లెక్కల బాబు ఆగి చిన్నతాత వైపు చూశాడు. ఆయన మనిషి మంచివాడిలాగే ఉన్నాడు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు: "పొయ్యి వేరంటున్నారు కదండీ?"

"మా ఊల్లో పండగకి బియ్యమిచ్చేదే గడపండి. ఈ పిల్ల ఏనాడూ ఇవ్వనేదు. కావాలంటే ఈలందర్నీ అడగండి."

అందరూ తలూపారు. అబద్ధం కాదు కదా. ఆమె ఏనాడూ ఇవ్వలేదు. నెత్తిన పెట్టుకుని తెచ్చిన కుంచాన్ని నవ్వుతూ తిప్పి పంపినవాళ్లే ఆ తలలూపారు. పైడత్త వాళ్లెవరినీ చూడలేదు. నాన్నను చూసింది.

"తమ్ముడా, నువ్వు సెప్పు."

నాన్న నేల చూశాడు. కాలి బొటనవేలితో మట్టి గీకాడు. తర్వాత, చాలా కొంచెంగా, ఆయన తల కూడా ఊగింది.

తారు డబ్బా పక్కింటికి వెళ్లిపోయింది. లోపల కుండలో నీళ్లు మరిగి మరిగి, పొంగి, పొయ్యిని ఆర్పేసిన చప్పుడు మాకు వినబడింది.

నాన్న ఎందుకలా చేశాడో అమ్మ చాలా ఏళ్ల తర్వాత చెప్పింది. అంతకు ముందు రోజు చిన్నతాత పిలిపించి, గోడలు ఆనుకున్న ఇంటిని రెండు గడపలని చెబితే రెండూ పోతాయని, నీ పిల్లల సంగతి చూసుకో అని చెప్పాడట. అది నిజమో కాదో నాన్న ఎవరినీ అడగలేదు. మునసబు చెప్పాక ఇంకొకరిని అడిగే అలవాటు మా ఊళ్లో లేదు.

మరుసటి కొత్త అమావాస్యకు ఊరు ఖాళీ చెయ్యాలని కబురొచ్చేసింది. అదే ఆఖరి పండగ కాబట్టి ఘనంగా చెయ్యాలన్నారు. అరిసెల పాకం వాసన, పసుపునీళ్లు, వేపమండలు, కొమ్మబూరలు అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి, పెద్దవాళ్లు మాత్రం ఒకరితో ఒకరు అవసరానికి మించి మాట్లాడుకోలేదు. ఆ ఏడు గురువులు పైడత్త వాకిలి దాటిపోలేదు, ఆగాడు. వెనకాలే చిన్నతాత వచ్చాడు.

"ఈ ఏడు నీ కుంచం కూడా పుచ్చుకుంటానే పైడీ. తే."

ఆమె చుట్ట తియ్యకుండానే, కూర్చున్నచోటు నుంచి లేవకుండానే అంది. "నాది గడప గాదు గదా సిన్నాన్నా. అమ్మోరికి అబద్దం సెప్పకూడదు."

గురువులు కావిడి భుజం మార్చుకున్నాడు. చిన్నతాత కర్ర పొడుచుకుంటూ వెళ్లిపోయాడు. ఆయన నడకలో ముసలితనాన్ని నేను మొదట చూసింది అప్పుడే.

ఊరు కదిలిన రోజు మా బండిలో మంచాలు, కుండలు, కోళ్లగంప, వాటి మధ్య పైడత్త. మునసబు ఇంటివాళ్లు ముందే వెళ్లిపోయారు. ఆ ఇంటి ముందుకొచ్చేసరికి బండి ఆపమని దిగింది. నేనూ దిగాను. తలుపులు పీకేసిన వసారాలో మూడో పొయ్యి అలాగే ఉంది. లోపల నోట్లో ఒక్క రోజు మసి తప్ప మరోసారి మండిన గుర్తు లేదు. పశువులసాల గదిలోదీ అంతే. అంచుల మీద ఆమె గీసిన అలలు చెక్కుచెదరలేదు. ఆమె బండిలోంచి తెచ్చిన చెంబులో చెయ్యి తడుపుకుని, మోకాళ్ల మీద కూర్చుని, వెనక బొడిపెను రుద్దడం మొదలుపెట్టింది. సరిగా కాలని మట్టి కదా, తడికి మెత్తబడింది. బొటనవేలి గుంట పూడి నున్నగా అయ్యేదాకా రుద్దింది. తర్వాత పశువులసాల గదిలోకి, అక్కణ్నుంచి పడమటింట్లోకి వెళ్లింది. రోజూ మండే పడమటింటి పొయ్యి రాయిలా కాలి ఉంది, అది ఎంతకీ పూడలేదు. దాని ముందు ఆమె చాలాసేపు కూర్చుంది. చివరికి పిడికెడు తడిమట్టి తెచ్చి ఆ గుంటలో నింపి, అరచేత్తో చదును చేసి లేచింది.

ఇప్పుడు మా కాలనీలో వీధులకు పేర్లు లేవు, సెక్టార్లకు అంకెలున్నాయి. నాన్నకు పని దొరికింది, నాకు చదువబ్బింది. ఆ తారు అంకె మాకు అన్నం పెట్టింది, కాదనను. మునసబుల పదవులను ప్రభుత్వమే తీసేసింది. చిన్నతాత ముగ్గురు కొడుకుల మూడు ఇళ్లూ వరసగా ఉన్నాయి. మధ్య ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటాడు, నన్ను చూస్తే ఇప్పటికీ పిలుస్తాడు. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. "నానేటి సేసాన్రా? ఊరి లెక్కే గదా సెప్పాను," అన్నాడు. కళ్లలో ఏ తప్పూ లేదు. ఆ లెక్కను ఆయన నిజంగానే నమ్ముతున్నాడు, తన ఇంటి మూడు పొయ్యిల సంగతి ఒక్కటి తప్ప. ఆయన్ని ద్వేషించడం నాకు చేతకాలేదు. ఆయన పెట్టిన బెల్లం రుచి నాలుక మీద నుంచి పోదు, అదే నా కష్టం.

పైడత్త మా ఇంటి వెనక నాన్న వేసిన రేకుల గదిలో ఉంటుంది. మా అమ్మ వండినదే తింటుంది. ఇక్కడికొచ్చాక మట్టి ముట్టుకోలేదు. కాలనీ కుర్రాళ్లు అమ్మవారి పండగ చందాకు వస్తే గేటు మీది నంబరు చదివి, ప్లాటుకొకటి అని నాన్న దగ్గర తీసుకుని పోతారు. వాళ్లు వెళ్లేదాకా ఆమె గుమ్మంలో చాపుకున్న కాళ్లు లోపలికి ముడుచుకుని కూర్చుంటుంది. గెడ్డ లేదు, అది పారినచోట ఫ్యాక్టరీ గోడ ఉంది. ఆ బంకమన్ను లేదు, జీడిమెట్ట లేదు, డప్పు లేదు, పొగ చూసి గడప పడిందని చెప్పే మనిషి లేడు. ఊళ్లో ఎవరు కొత్తగా వచ్చారో అడిగేవాళ్లు లేరు.

మొన్న టీ తాగి ఇంటికొచ్చి, కొత్త పొయ్యి వాసన సంగతి పైడత్తకు చెప్పాను. ఆమె గోడకు జేరబడి కూర్చుని ఉంది.

"ఎనక బొడిపికి యేలు గుంటుందేట్రా?" అని అడిగింది.

చూశానని, లేదని చెప్పాను.

"మరయితే ఎవులిదో," అంది.

ఇంట్లో, పెరటి వైపు గదిలో నాన్న రేడియోలో వార్తలు వింటున్నాడు. ఆయనకు మా మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. చెయ్యి చాపి, రేడియో గొంతు పెంచాడు.